మా అమ్మ మోసిన అంటు

మన భాషలో అంటు అనే మాట చిత్రమైంది. రోగం ఒకరి నుంచి ఒకరికి సోకితే అంటువ్యాధి. మమ్మల్ని ముట్టుకుంటే అంటు. తిని వదిలిన గిన్నెలు అంట్లు. ఈ మూడూ మా ఆడవాళ్ల పాలే. ఆస్పత్రుల చరిత్ర రాసినవాళ్లు కట్టించిన దాతల పేర్లు రాశారు, పెద్ద డాక్టర్ల పేర్లు రాశారు. నెత్తుటి గుడ్డలు ఎత్తినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ కనపడవు. అవి ఉండేది మస్టరు పుస్తకంలోనే. మా అమ్మ పేరు అందులోంచి కూడా ఒకసారి కొట్టేశారు. ఎందుకు కొట్టేశారో చెప్పటానికే ఇది రాస్తున్నాను.

మా అమ్మమ్మ మంత్రసాని. ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా మాదిగ గూడేనికి కబురొచ్చేది. నొప్పులు పడుతున్నంతసేపూ ఆ ఇంటి కోడలు అమ్మమ్మ చేతులు పట్టుకునే ఉండేదట. బిడ్డ కేరుమన్నాక, బొడ్డు కోసి, మాయ పూడ్చాక, అమ్మమ్మ పెరటి దోవన బయటికి నడవాల్సిందే. ఆమె నిలబడ్డ చోటల్లా పసుపునీళ్లు చల్లేవాళ్లు. కాలేజీకొచ్చాక మంత్రసానుల మురికి చేతుల వల్లే బాలింతలు చచ్చేవాళ్లని చదివాను. ఇంకో సంగతీ చదివాను. 1847లో వియన్నా ఆస్పత్రిలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు రెండు కాన్పుల వార్డుల్ని పోల్చి చూశాడు. మంత్రసానులు పురుళ్లు పోసే వార్డులో చావులు తక్కువ. శవాల్ని కోసిన చేతులతో వచ్చి డాక్టర్లు, విద్యార్థులు పురుళ్లు పోసే వార్డులో చావులు చాలా ఎక్కువ. క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడిగిస్తే చావులు తగ్గాయి. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది నమ్మలేదు. తమ చేతులకీ అంటు ఉంటుందంటే వాళ్లకి మనసొప్పలేదు.

మా అమ్మ 1988లో ఒక పెద్దాసుపత్రిలో రోజుకూలీ మీద ఊడ్చే పనికి చేరింది. ఎన్.ఎం.ఆర్. అనేవాళ్లు. వచ్చిన రోజుకి కూలి, రాని రోజుకి సున్నా. లేబర్ రూము కడగటం, బెడ్‌పాన్లు ఎత్తటం, దొడ్లు కడగటం, దూదీ గాజుగుడ్డలూ బకెట్టుకెత్తి వెనక గుంటలో పొయ్యటం ఆమె పని. సూదులూ ఆ బకెట్లోనే, మాయా ఆ బకెట్లోనే. మద్రాసులో హెచ్.ఐ.వి. బయటపడింది 1986లో. ఆ భయంతో లేబర్ రూములో కొందరు డాక్టర్లు రెండేసి గ్లౌజులు తొడుక్కునేవాళ్లట. వాళ్లు వాడి పారేసినవి బ్లీచింగు నీళ్లలో కడుక్కుని మా అమ్మ తొడుక్కునేది. ఎందుకు తొడుక్కోవాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. డాక్టరమ్మలు తొడుక్కుంటున్నారు గాబట్టి తనూ తొడుక్కుంది.

1992లో మా అమ్మ మళ్లీ నీళ్లోసుకుంది. అప్పుడు నాకు అయిదేళ్లు. ఆస్పత్రిలో ఆ ఆడవాళ్లకి వాళ్లల్లో వాళ్లకే ఒక కట్టుబాటు ఉండేది. కడుపుతో ఉన్నదాన్ని టీబీ వార్డుకి పోనిచ్చేవాళ్లు కాదు. పొంగు చూపిన పిల్లల దగ్గరికీ పోనిచ్చేవాళ్లు కాదు. "నువ్వు ఓపీ ఊడ్చుకో వదినా, ఆడికి నే పోతా" అని ఒకరి పని ఒకరు మార్చుకునేవాళ్లు. ఇది మేస్త్రీకి తెలిస్తే తిట్లు. ఏ నర్సింగు పుస్తకమూ చదవకుండానే, వార్డుల్లో ఎవరు ఎట్లా చస్తున్నారో చూసి నేర్చుకున్న వైద్యం అది. ఇంటికొచ్చాక కూడా అమ్మ పెరట్లోనే చీర మార్చుకుని, మోచేతులదాకా సబ్బు రుద్దుకుని, ఆ తర్వాతే నన్ను ఎత్తుకునేది. "ఆగు, అంటుకోమాకు" అనేది. ఊళ్లోవాళ్లు మమ్మల్ని అన్న మాటే అమ్మ నన్ను కాపాడుకోటానికి అనేది.

అయినా ఎనిమిదో నెలలో అమ్మకి కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లు. అంతకుముందు చాలాసార్లు సూదులు గుచ్చుకున్నాయి. రోజూ దొడ్లు కడిగింది. సూది వల్ల బి రకం కామెర్లు రావచ్చు, మలంతో చెడిన నీళ్ల వల్ల ఇ రకం రావచ్చు. 1955-56లో ఢిల్లీలో మురుగు కలిసిన మంచినీళ్లు తాగి వేలమందికి వచ్చిన కామెర్లు ఇ రకమేనని తర్వాత తేలింది. ఆ రకం నెలలు నిండే ఆడవాళ్ల ప్రాణాల మీదికి తెస్తుంది. మా అమ్మకి వచ్చింది ఏ రకమో ఎవరూ పరీక్ష చెయ్యలేదు. తను ఊడ్చిన వార్డులోనే నేల మీద చాప పరిచి పడుకోబెట్టారు. చెల్లి పుట్టింది, ఏడవలేదు. అమ్మ మూడు నెలలు లేవలేదు. లేచి పనికి పోతే మస్టర్లో పేరు లేదు. మేస్త్రీ కాళ్లావేళ్లా పడితే కొత్త మనిషి కింద రాసుకున్నాడు.

ఆ కొట్టివేత ఖరీదెంతో రెండేళ్లకి తెలిసింది. 1994 ఏప్రిల్లో 212 నంబరు జీవో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి తెగకుండా అయిదేళ్లు పనిచేసిన రోజుకూలీల్ని రెగ్యులర్ చెయ్యొచ్చంది. అమ్మతోపాటు చేరినవాళ్లు పర్మనెంటయ్యారు. అమ్మ సర్వీసు మాత్రం తెగింది. రికార్డులో కారణం గైర్హాజరు. కాన్పని లేదు, కామెర్లని లేదు, బిడ్డ పోయిందనీ లేదు.

కాన్పు సెలవు కోసం బాబాసాహెబ్ అంబేద్కర్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో మాట్లాడాడు. కాన్పుకి ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకటం దేశానికే మేలన్నాడు. 1929లో అక్కడ చట్టమైంది. 1961లో దేశానికంతా ప్రసూతి ప్రయోజనాల చట్టమొచ్చింది, 12 వారాల జీతంతో. మస్టరు కూలీకి అది చెల్లదనే మా అమ్మకి చెప్పారు. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ ఆడకూలీల కేసులో, మస్టరు రోల్ వాళ్లకీ చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది 2000 మార్చి 8న. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా చవగ్గా తెచ్చింది 1997లో. ఆస్పత్రి చెత్తని వేరుచేసి, సూదుల్ని విడిగా పారెయ్యాలన్న రూల్సు వచ్చింది 1998లో. అన్నీ వచ్చాయి, మా చెల్లి పోయాక.

నేను టీచర్నయ్యాక నా కాన్పుకి 180 రోజుల సెలవు తీసుకున్నాను, పూర్తి జీతంతో. మా ఇంట్లో కాన్పుకి జీతం తీసుకున్న మొదటి ఆడదాన్ని నేనే. ఆ సెలవు చీటీ అమ్మ చేతికిస్తే, చదవటం రాకపోయినా చాలాసేపు పట్టుకుని కూర్చుంది.

ఇదంతా పాత కథ అనుకునేదాన్ని. మా పిన్ని కూతురు ఔట్‌సోర్సింగ్ నర్సు. 2021 జనవరి 16న కోవిడ్ టీకా మొదలైనప్పుడు ముందు ఆరోగ్య సిబ్బందికే వేశారు, గర్భిణులకి మాత్రం వెయ్యలేదు. జూలై 2న గానీ అనుమతి రాలేదు. ఈ మధ్యలోనే, ఏప్రిల్, మే నెలల్లో రెండో వేవ్ వచ్చిపడింది. మా చెల్లికప్పుడు అయిదో నెల. కోవిడ్ వార్డు నుంచి మార్చమంటే, చేస్తే చెయ్యి లేకపోతే మానెయ్యమన్నాడు ఏజెన్సీవాడు. 2017 నుంచి 26 వారాల జీతం సెలవు చట్టంలో ఉంది, అడిగే ధైర్యం ఆ పిల్లకి లేదు. తోటి నర్సులే డ్యూటీలు మార్చుకుని ఆమెని జ్వరాల వార్డుకి దూరంగా ఉంచారు. 1992లో ఊడ్చేవాళ్లు చేసిన పనే అది.

చదువుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ అమ్మలు ఏ ఆస్పత్రిలో ఏ వార్డు కడిగారో అడగండి. ఏ రోగం అంటించుకున్నారో, ఏ రోజున పేరు కొట్టేశారో అడిగి రాసుకోండి. మస్టర్లో గైర్హాజరని ఉన్నచోట అసలు ఏం జరిగిందో రాయాల్సింది మనమే.

ఆగస్టులో ఫోనొచ్చింది. పిల్లా తల్లీ క్షేమమని పిన్ని చెప్పింది. అమ్మ ఫోను లాక్కుని అడిగిన మొదటి మాట:

"దాని పేరు కొట్టెయ్యలేదు గదా?"