నల్లతెర వెనుక స్టాకు రిజిస్టరు



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, ఏ కోట గురించో ఏ రాజు గురించో వ్రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. నేను వ్రాయబోయేది కంప్యూటరులోకి పనిముట్లను తెప్పించి అమర్చుకొనే విధానపు చరిత్ర. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసి, అందులో పదకొండేళ్ళు స్టోర్సు సెక్షనులో గడిపిన వాడికి ఇదెందుకని మీరు అడగవచ్చు. దయచేసి చివరిదాకా చదవండి.

దీనికంతటికీ కారణం ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు. వేసవి సెలవులకు వచ్చి నా పాత కంప్యూటరులో డెబియన్ అనే ఉచిత వ్యవస్థను ఎక్కించింది. తర్వాత ఒక నల్లటి తెర తెరిచి, బొమ్మలూ బటన్లూ ఏమీ లేకుండా, "ఆప్ట్ ఇన్‌స్టాల్ జి.సి.సి." అని ఒక్క వరుస టైపు చేసింది. జి.సి.సి. అంటే మనిషి వ్రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చే కంపైలరు. వెంటనే తెర మీద ఒక జాబితా వచ్చింది. ఈ వస్తువు కావాలంటే తోడుగా ఫలానావి కూడా తేవాలి, మొత్తం ఇంత చోటు పడుతుంది, సమ్మతమేనా అని అడిగింది.

"ఇది ఇండెంటు కదమ్మా!" అన్నాను.

"ఇండెంటు అంటే ఏమిటి తాతయ్యా?" అంది.

ఆ పిల్లకు చెప్పబోయి, నేనే ఈ చరిత్రను చదవడం మొదలుపెట్టాను.

టెలిప్రింటరు నాటి మాట

ఆజ్ఞను టైపు చేసి పని చేయించుకొనే పద్ధతి పాతదే. 1969లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ గార్లు యూనిక్స్ అనే వ్యవస్థకు శ్రీకారం చుట్టారు. అప్పట్లో ఆజ్ఞలు ఇవ్వడానికి వారు ప్రధానంగా వాడినది తెర కాదు. మన తంతి తపాలా ఆఫీసుల్లో టకటకలాడిన టెలిప్రింటరు వంటి యంత్రమే వారి ముందుండేది. అది సెకనుకు పది అక్షరాలు మాత్రమే అచ్చు వేసేది. అందుకే ఆజ్ఞలు మన టెలిగ్రాముల మాదిరిగా పొదుపుగా పుట్టాయి. నకలు తీయడానికి 'సి.పి.', జాబితా చూపడానికి 'ఎల్.ఎస్.' అంటే చాలు. అవి ఈనాటికీ మారలేదు.

అయితే ఒక పనిముట్టును యంత్రంలో అమర్చడం మాత్రం చాలాకాలం కష్టంగానే ఉండేది. 1976లో అదే సంస్థలో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గారు 'మేక్' అనే పనిముట్టు చేశారు. తప్పు దిద్దిన ప్రోగ్రామును తిరిగి కంపైలు చేయడం మరచిన ఒక సహోద్యోగి, లేని తప్పు కోసం ఉదయమంతా వెతికి అలసిపోయారట. అది చూసి, ఏది మారితే ఏది తిరిగి చేయాలో యంత్రమే లెక్క చూసుకొనేటట్లు చేశారు.

1980ల చివర, 90ల మొదట్లో ఎవరైనా ఒక ప్రోగ్రాము కావాలనుకుంటే దాని మూలప్రతిని తెచ్చుకొని స్వయంగా కంపైలు చేసుకోవలసి వచ్చేది. సగంలో ఆగి, "ఫలానా భాగం లేదు" అనేది. అది తెస్తే దానికి మరొకటి కావాలి. మన స్టోర్సులో గేటు వాల్వు ఇష్యూ చేస్తే చాలదు. ఫ్లాంజి కావాలి, బోల్టులు కావాలి, నడుమ రబ్బరు వాషరు కావాలి. నాలుగంగుళాల వాల్వుకు మూడంగుళాల ఫ్లాంజి వెళ్ళిందో, సైటు నుంచి సూపర్‌వైజరు గారి శ్రీముఖం వచ్చేది. కంప్యూటరు వారికీ సరిగ్గా ఇదే తిప్పలు.

స్టోరుకీపరు, ఇండెంటు గుమాస్తా

1993 ఆగస్టు 16న అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ విద్యార్థి ఇయాన్ మర్డాక్, డెబియన్ అనే పనిని ప్రకటించాడు. తన స్నేహితురాలు డెబ్రా పేరులోని మొదటి అక్షరాలకు తన పేరు చేర్చి ఆ పేరు పెట్టాడు. ఇందులో పనిచేసేవారు స్వచ్ఛంద సేవకులు. డెబియన్ నుంచి వారికి జీతం లేదు, పెన్షను అంతకంటే లేదు. మన సంఘం మాదిరే ఏటేటా నాయకుణ్ణి ఓట్లతో ఎన్నుకొంటారు.

వారు చేసిన మంచి పని ఏమిటంటే, ప్రతి ప్రోగ్రామునూ ఒక మూటగా కట్టి, ఆ మూటకు ఒక చీటీ పెట్టారు. పేరేమిటి, ఎన్నవ కూర్పు, దీనికి తోడు ఏవి కావాలి, దేనితో పొసగదు, ఈ మూటకు బాధ్యుడెవరు అన్నవి ఆ చీటీలో ఉంటాయి. మన బిన్ కార్డు ఇదే కదా! ఆ మూటలను విప్పి అమర్చి, రిజిస్టరులో నమోదు చేసే పనిముట్టు పేరు డీ-ప్యాకేజ్. దాని ముఖ్యభాగాన్ని 1994లో ఇయాన్ జాక్సన్ గారు సి భాషలో తిరగవ్రాశారు. ఆ రిజిస్టరు ఈనాటికీ మామూలు అక్షరాలలోనే ఉంటుంది, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

డీ-ప్యాకేజ్ స్టోరుకీపరు వంటిది. తన ముందుకు వచ్చిన సామాను లెక్క చూస్తుంది, కొరత ఉంటే చెబుతుంది, కానీ బయటికి వెళ్ళి తేదు. ఆ కొరత తీర్చిన ఇండెంటు గుమాస్తా పేరే ఆప్ట్. 1999 మార్చిలో వచ్చిన డెబియన్ 2.1తో ఇది అందరికీ అందింది. అడిగినదానికి తోడు కావలసినవన్నీ తనే లెక్కకట్టి, దూరపు గోదాము నుంచి తెప్పించి స్టోరుకీపరుకు అప్పగిస్తుంది. ఏది మనం అడిగి తెచ్చినది, ఏది తోడుగా వచ్చినది అని గుర్తు కూడా పెట్టుకొంటుంది. మనం అడిగినది తీసివేస్తే, ఇక అవసరం లేని తోడు సామాను ఇదిగో అని జాబితా ఇస్తుంది. 1996లో వచ్చిన డెబియన్ 1.1లో 474 మూటలుండేవి. 2023 జూన్‌లో వచ్చిన 12వ విడుదలలో 64 వేలకు పైగా ఉన్నాయి.

ఒక్కొక్క ప్రోగ్రామింగు భాషకు వేరే గోదాములు కూడా వెలిశాయి. పెర్ల్ భాషకు 1995లో, పైథాన్‌కు 2003లో వచ్చాయి. జావాస్క్రిప్టు వారికి 2010లో ఎన్.పి.ఎం. వచ్చింది. వీటితో కొత్త చిక్కు ఒకటి వచ్చింది. ఒక పనికి పాత కూర్పు కావాలి, మరొక పనికి కొత్తది కావాలి, యంత్రం మాత్రం ఒక్కటే. మన పెన్షను కాగితాలలో ఒకరికి 1986 స్కేళ్ళు, మరొకరికి 1993 స్కేళ్ళు వర్తించినట్లు, ఏ పనికి ఆ కూర్పును విడిగా ఉంచే పనిముట్లు చేసుకొన్నారు. పైథాన్‌లో 2012 నుంచి ఆ ఏర్పాటు భాషతోపాటే వస్తోంది.

పదకొండు వరుసల సెలవు

రికార్డు గది తాళంచెవి ఉన్న అటెండరు చెప్పకుండా సెలవు పెడితే ఆఫీసంతా ఆగిన రోజులు మనం చూశాం. 2016 మార్చి 22న అటువంటిదే జరిగింది. ఎన్.పి.ఎం. గోదాములో 'లెఫ్ట్ ప్యాడ్' అనే పదకొండు వరుసల చిన్న ప్రోగ్రాము ఉండేది. మనం టోకెను నంబరు 7ను 0007 అని వ్రాస్తాం చూడండి, అలా ఎడమవైపు నింపడమే దాని పని. వేరొక ప్రోగ్రాము పేరు గురించి తగవు వచ్చి, దాని రచయిత విసుగెత్తి తనవన్నీ వెనక్కు తీసుకొన్నాడు. దీని మీద ఆధారపడ్డ వేలాది పనులు, పెద్ద కంపెనీలవి సహా, ఉన్నపళంగా ఆగాయి. కొద్ది గంటల్లో గోదాము వారు దానిని తిరిగి పెట్టి, తర్వాత నిబంధనలు మార్చారు.

సంతకం, దాని వెనుక చేయి

ట్రెజరీలో డ్రాయింగు ఆఫీసరు గారి నమూనా సంతకం ఉంచుకొని బిల్లుతో పోల్చి చూసేవారు. 2007లో వచ్చిన డెబియన్ 4.0 నుంచి ఆప్ట్ కూడా గోదాము జాబితా మీది సంతకాన్ని అలాగే సరిచూస్తుంది. కానీ సంతకం చేసే చేయి చెడ్డదైతే?

ఫైళ్ళను కుదించే 'ఎక్స్-జెడ్' అనే పనిముట్టును చాలా ఏళ్ళు ఒకే వ్యక్తి తీరిక వేళల్లో చూసుకొనేవారు. 2021 నుంచి జియా తాన్ అనే పేరుతో ఒకరు సాయానికి వచ్చారు. రెండేళ్ళకు పైగా బుద్ధిగా పనిచేసి నమ్మకం సంపాదించి, 2024లో అందులో దొంగ తలుపు ఒకటి దాచారు. సంతకాలన్నీ సక్రమమే. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు వేరే పని చేసుకొంటూ, దూరపు యంత్రంలోకి ప్రవేశించడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. అర సెకనే కదా అని వదలలేదు. తవ్వి చూసి, 2024 మార్చి 29న లోకానికి చాటారు. అప్పటికి ఆ మూట డెబియన్ పరీక్షా శాఖల దాకా వచ్చింది కానీ, జనం వాడే స్థిర విడుదలలోకి చేరలేదు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1981లో నేను స్టాకు తనిఖీకి వెళ్ళాను. రిజిస్టరులో సిమెంటు 412 బస్తాలు. లెక్కపెడితే 409. "గట్టిపడినవి మూడు పక్కన పెట్టామండీ" అన్నారు స్టోరుకీపరు. చూపమని అడగలేదు. భోజనాల వేళయింది, మూడే కదా అనుకొని "సరిపోయినది" అని వ్రాసి సంతకం చేశాను. ఎనిమిది నెలల తర్వాత కొరత అరవై దాటింది. స్టోరుకీపరును సస్పెండు చేశారు. రెండో తాళంచెవి వేరొకరి దగ్గర ఉందనీ, ఆయన ఎవరో చెప్పిన మాటే నాకు చెప్పారనీ విచారణలో తేలేసరికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళు ఆయన పిల్లల చదువులు ఎలా సాగాయో నాకు తెలుసు. నేను ఆనాడు "మూడు తక్కువ" అని వ్రాసి ఉంటే సంగతి ఆనాడే బయటపడేది. నన్నెవరూ ఏమీ అనలేదు. ఆయన కూడా అనలేదు. ఇప్పుడు ఆయన లేరు. ఈ మాట ఇన్నేళ్ళకు మీ ముందు పెడుతున్నాను.

తెలుగు వారికి సంబంధించిన ఒక మాట చెప్పి ముగిస్తాను. డెబియన్ గోదాములో మన పోతన2000, వేమన2000 ఖతులు కూడా ఉన్నాయి. "ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలు" అన్న ఒక్క వరుసతో అవి నా యంత్రంలోకి వచ్చాయి. ఈ వ్యాసాన్ని ఆ పోతన అక్షరాలలోనే టైపు చేశాను. వాటిని మూటగట్టి చీటీ పెట్టినవారికి మన సంఘం తరఫున కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

మొన్న మా మనవరాలు ఏదో తెప్పించబోతూ చదవకుండానే 'వై' కొట్టబోయింది. ఆపి, జాబితా చదవమన్నాను. చివరన "ఇవి తీసివేయబడును" అన్న వరుసలో తనకు కావలసిన పనిముట్లు నాలుగు ఉన్నాయి. "అమ్మో, చూడలేదు తాతయ్యా" అంది. మీ మనవలు కూడా నల్లతెర ముందు కూర్చుంటే, ఏమి ఇండెంటు పెడుతున్నారో చదివి వినిపించమని అడగండి. కంప్యూటరు మనకు రాకపోయినా ఇండెంటు చదవడం వచ్చు కదా.

సెలవు.