డాబా మీద ఎండ, ఇంట్లో చీకటి

మా స్నేహితుడొకడు ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాడు. నెల తిరక్కుండానే ఫోన్ చేశాడు. "మిట్టమధ్యాహ్నం, నెత్తిమీద ఎండ మండిపోతోంది, వీధిలో కరెంటు పోయింది, దాంతోపాటు మా ఇంట్లోనూ పోయిందిరా! ఇంత డబ్బు పోసింది ఇందుకా?" అని ఒకటే గోల.

నిజానికి వాడి సిస్టంలో ఏ లోపమూ లేదు. అది గ్రిడ్‌కి కట్టిన సోలార్. లైన్లో కరెంటు పోతే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోవాలి, లేకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి మన డాబా మీది కరెంటు షాక్ కొడుతుంది. ఈ ముక్క అమ్మేవాళ్ళు ముందే చెప్పాలి. చెప్పరు.

తమాషా ఏంటంటే, సోలార్ పుట్టిందే నమ్మకమైన కరెంటు కోసం. చవక అన్న మాట చాలా తరవాత వచ్చింది.

అమెరికాలో ట్రాన్సిస్టర్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లోనే సిలికాన్ సోలార్ సెల్ కూడా పుట్టింది. ఉక్కపోత ఎక్కువుండే ప్రాంతాల్లో టెలిఫోన్ పరికరాల బ్యాటరీలు తొందరగా పాడైపోతుంటే, వేరే దారి చూడమని డారిల్ చాపిన్ అనే ఇంజనీరుకి పని అప్పగించారు. ఆయన, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ కలిసి చేసిన సెల్‌ని 1954 ఏప్రిల్లో లోకానికి చూపించారు. ఎండలో 6 శాతాన్ని కరెంటుగా మార్చేది. 1956లో చాపిన్ లెక్క వేస్తే వాటుకి 286 డాలర్లు, ఒక మామూలు ఇంటికి సరిపడా పెట్టాలంటే 14 లక్షల 30 వేల డాలర్లు తేలింది. ఆ డబ్బుతో ఇల్లేం ఖర్మ, వీధే కొనొచ్చు!

అందుకని అది ఇంటికి కాక అంతరిక్షానికి వెళ్ళింది. 1958లో వాన్‌గార్డ్-1 ఉపగ్రహంలో మామూలు బ్యాటరీ ఆ ఏడాదే చచ్చిపోయింది, సోలార్ మీద నడిచిన ట్రాన్స్‌మిటర్ మాత్రం 1964 దాకా పలికింది. 1970ల్లో ఇలియట్ బెర్మన్ అనే ఆయన వాటు ధరని 100 డాలర్ల నుంచి 20కి దించాడు. పెట్టుబడి పెట్టిందెవరో తెలుసా? ఎక్సాన్, సాక్షాత్తూ చమురు కంపెనీ! సముద్రంలో నూనె బావుల దగ్గర దీపాలకి బ్యాటరీలు మార్చడం కన్నా సోలార్ చవగ్గా పడింది మరి. వైరు వెళ్ళలేని చోట నమ్మకంగా పనిచెయ్యడం, అప్పటిదాకా దాని ఉద్యోగం అదే.

మరి చవక ఎలా అయ్యింది? మనకి మూర్ సూత్రం ఉన్నట్టే సోలార్‌కి స్వాన్సన్ సూత్రం ఉంది. ఇప్పటిదాకా తయారైన ప్యానెళ్ళ మొత్తం రెట్టింపు అయిన ప్రతిసారీ ధర సుమారు 20 శాతం తగ్గుతుంది. అయితే ఇది కాలం గడిస్తే దానంతటదే జరిగేది కాదు. ఎవరో ఒకరు ఖరీదెక్కువ ఉన్నప్పుడే కొనాలి. ఆ పని జర్మనీ చేసింది. 2000లో చట్టం చేసి, డాబా మీది సోలార్ యూనిట్‌కి 99 ఫెనిగ్‌లు, అంటే సుమారు 50 సెంట్లు, 20 ఏళ్ళ పాటు ఇస్తామంది. ఇంటి కరెంటు రేటుకి అది మూడు రెట్ల పైమాటే. ఆ డబ్బు అందరి బిల్లుల్లోంచే వచ్చింది. పవన విద్యుత్తు వగైరాలతో కలిపి ఆ సర్‌చార్జి 2017లో యూనిట్‌కి 6.88 సెంట్లకి చేరింది. 2022 జూలైలో ఎత్తేశారు. ఆ గిరాకీ చూసుకుని చైనాలో ఫ్యాక్టరీలు లేచాయి, ధరలు పడిపోయాయి. ఇప్పుడు వాటు ప్యానెల్ చైనాలో 20 సెంట్ల లోపే. అంటే మా వాడి డాబా మీది ప్యానెల్‌కి సగం డబ్బు ఎక్కడో బెర్లిన్‌లో అద్దెకుండే మనిషి ఎప్పుడో కట్టేశాడన్నమాట.

మన దగ్గరా ఇదే కథ. 2010 డిసెంబరు వేలంలో అన్నిటికన్నా తక్కువ రేటు యూనిట్ 10.95 రూపాయలు. 2015లో కర్నూలు పార్కుకి 4.63, 2017లో కడపకి 3.15, ఆ తరవాతి నెలే రాజస్థాన్ భడ్లాలో 2.44. ముందు కొన్నవాడికి వాత, వెనకొచ్చినవాడికి లాభం. పాత రేట్లు ఎక్కువని 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తగ్గించబోతే, 2022లో హైకోర్టు ఒప్పందం ప్రకారమే చెల్లించమంది. నన్నడిగితే అదే సరైనది. ధర తగ్గిందని పాత ఒప్పందాలు చింపేస్తే రేపు ముందుకొచ్చి కొనేదెవరు?

ఇక ఇళ్ళ సంగతి. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ పెట్టారు. కిలోవాటుకి రోజుకి నాలుగు యూనిట్ల లెక్కన నెలకి 350 దాకా వస్తాయి. నెట్ మీటరింగ్‌లో మధ్యాహ్నం మనం పోసిన యూనిట్‌కి రాత్రి ఒక యూనిట్ వెనక్కిస్తారు. ఇక్కడే ఉంది మెలిక. మధ్యాహ్నం కరెంటు అందరి దగ్గరా ఉంటుంది, రాత్రి ఏడింటికే కరువు. రెండిటికీ ఒకే విలువ కట్టడమంటే గ్రిడ్‌ని ఉచిత బ్యాటరీగా వాడుకోవడమే. మనకి బిల్లు సున్నా వచ్చినా వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, లైన్‌మన్ జీతం సున్నా కావు కదా. అవి డాబా లేనివాడి మీద పడతాయి. సొంత ఇల్లున్న మనం పక్కింట్లో అద్దెకున్న ఆటో డ్రైవర్‌తో మన బ్యాకప్ ఖర్చు కట్టిస్తున్నామంటే వినడానికి బాగుండదు, కానీ దారి అటే వెళుతోంది.

అలాగని సోలార్ వద్దనడం లేదు. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టులో నీళ్ళని వెనక్కి తోడే టర్బైన్లు ఉన్నాయి. మధ్యాహ్నం మిగిలిన ఎండని నీళ్ళ రూపంలో దాచి సాయంత్రం వాడుకోవచ్చు. అలాంటివి ఇంకా కావాలి, వాటికి ఖర్చవుతుంది. ఆ ఖర్చులో వాటాగా సోలార్ ఇళ్ళకి ఫిక్స్‌డ్ చార్జి వేస్తే మనం గగ్గోలు పెట్టకూడదని నా అభిప్రాయం.

ఇదంతా చెప్పాక మా వాడు "సరే, కరెంటు పోయినా ఫ్యాన్లు తిరగాలంటే?" అన్నాడు. హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టుకోమన్నాను. ఎంతవుతుందో చెప్పాను. అవతల కాసేపు చప్పుడు లేదు. నమ్మకానికి అసలు రేటు ఎంతో వాడు వినడం అదే మొదటిసారి.