ఖరగ్‌పూరు వీథులలో తెలుగు

ఖరగ్‌పూరును చూచి వచ్చినవారు ముందుగా అచటి ప్లాట్‌ఫారము పొడవును గూర్చి చెప్పుదురు. వేయి మీటర్లకు మించిన ఆ ప్లాట్‌ఫారము చిరకాలము ప్రపంచమున అన్నింటికంటె పెద్దదిగా పేరొందెను. 2013లో ఆ కీర్తి గోరఖ్‌పూరునకు పోయినది. పోయిన నేమి? ఊరి చరిత్ర స్టేషను వెలుపలి వీథులలో నున్నది.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇచట కూడలిని, పిమ్మట పెద్ద కార్ఖానాను నెలకొల్పెను. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల పనివారు ఆ ఇనుపదారి వెంబడినే వచ్చి స్థిరపడిరి. 1927లో ఇచటి కార్మికుల సమ్మె దేశమంతట వినబడెను. ఆ రైల్వే కార్మికులకు నాయకత్వము వహించిన వారిలో బరంపురపు తెలుగువారు వి.వి. గిరిగా రొకరు; 1969లో వారు రాష్ట్రపతి యైరి.

కార్ఖానావేళకు సైకిళ్ళు బారులు తీరును. వాటికి వ్రేలాడు క్యారియర్లలో ఎవరి యింటి వంట వారిది. మూలమీది పొయ్యి వద్ద ఇడ్లీకై బెంగాలీ గుమాస్తాయు, ఒడియా కూలీయు తెలుగువారితో పాటు నిలుచుందురు. గోల్‌బజారులో చేపల ధర బెంగాలీలో అడుగుదురు, లెక్క హిందీలో కట్టుదురు. తూకము తగ్గినచో తిట్టు మాత్రము ఉత్తరాంధ్ర యాసలోనే వెలువడును! అమ్మవారి పండుగనాడు ఘటములు వచ్చునప్పుడు పసుపునీళ్ళతో వీథి తడియును. పొరుగు బెంగాలీ తల్లులును గుమ్మములలోనికి వచ్చి నమస్కరింతురు.

నేడు ఉపాధి రైల్వేతో ఆగలేదు. ఊరి వెలుపల విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వెలసినది. అచటి కర్మాగారములకు ఉదయమున సాగిపోవు మోటారు సైకిళ్ళపై ఆనాటి కూలీల మునిమనుమలును గలరు. ఆ పార్కు పేరు ఈ జిల్లా బిడ్డయైన ఈశ్వరచంద్ర విద్యాసాగరునిది. 1855లో ‘వర్ణపరిచయము’ వ్రాసి బెంగాలీ పిల్లలకు అక్షరములు దిద్దించిన మహనీయు డాయన.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తి నిచ్చినది. మంచిదే. కాని వీథిలో వినబడు తెలుగు పలకమీద కానవచ్చుట అరుదు. బజారులో తెలుగున గడుసుగా బేరమాడిన కుఱ్ఱడు, ఇంటికి వచ్చి పెండ్లి శుభలేఖను తాత చేతి కిచ్చి, అందేమి వ్రాసి యున్నదో చదివి చెప్పుమని అడుగుచున్నాడు.