అమ్మ చేతి మీది టీకా మచ్చ

మా ఉద్దానంలో జీడిపిక్క తొక్కలోని నూనె తగిలితే ఒకరి చేతులు బొబ్బలెక్కిపోతాయి. పక్కనే కూర్చుని అదే పని చేసే ఆవిడకి అంతగా ఏమీ కాదు. "ఎవరి ఒళ్ళు వాళ్ళది" అనేది అమ్మమ్మ. దానికి ఎలర్జీ అని ఓ పేరుందని ఆవిడకి తెలియదు. ఆ పేరు పుట్టడంలో టీకాలకీ పాత్ర ఉందని, చరిత్రతో బి.ఏ. చదివిన నాకూ మొన్నమొన్నటిదాకా తెలియదనుకోండి!

ఆ అవసరం 2021లో వచ్చింది. మార్చిలో అరవై దాటిన వాళ్ళకి కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. పలాసలో ఉన్న మా అమ్మకి ఉబ్బసం. జలుబు చేస్తే చాలు, రెండో రోజుకల్లా పిల్లికూతలు. టీకాకి రమ్మంటే, "ఎలర్జీ ఒళ్ళు నాది, నాకొద్దే" అని భీష్మించుకు కూర్చుంది. నేను విసుక్కున్నాను. అప్పుడు చెప్పింది, ఇన్నేళ్ళూ చెప్పని సంగతి.

దేశంలో మశూచి నిర్మూలన కార్యక్రమం 1962లో మొదలైంది. ఆ రోజుల్లోనే టీకాలాయన వాళ్ళ ఊరొచ్చి అమ్మ చేతికి టీకా వేశాడట. చిన్న తమ్ముడికి ఒళ్ళంతా తామర ఉందని వెయ్యలేదట. పిల్లలిద్దరిదీ ఒకటే చాప. అమ్మ చేతి పుండు మానకముందే వాడి తామర మీద అవే పొక్కులు లేచాయి. అమ్మోరనుకుని వేపమండలు కట్టి, చివరికి టెక్కలి తీసుకెళ్ళారు. బతికాడుగాని మచ్చలు మిగిలాయి.

"నా చెయ్యి తగిలే వాడికలాగైంది" అంది అమ్మ.

నా విసుగు ఎటుపోయిందో! అమ్మది మూఢనమ్మకం కాదు. మశూచి టీకాలో ఉండేది వాక్సినియా అనే బతికున్న వైరస్. పుండు నుంచి అది పక్కవాళ్ళకి అంటుకోగలదు. తామర ఉన్న చర్మం దాన్ని ఆపలేదు. అయినా ఆ టీకా పుణ్యమే, 1975 మే తర్వాత మన దేశంలో మశూచి ఎవరికీ సోకలేదు. 1980లో లోకాన్నే వదిలిపోయిందని ప్రకటించారు.

ఇక ఆ పేరు సంగతి. వియన్నాలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల వైద్యుడు ఉండేవాడు. మశూచి టీకా రెండోసారి వేస్తే చెయ్యి ముందుకంటే త్వరగా ఎర్రబడటం, గుర్రపు సీరం ఎక్కించిన పిల్లలకి దద్దుర్లు, జ్వరం రావటం గమనించాడు. పరాయి పదార్థాన్ని ఒకసారి చూసిన ఒళ్ళు మళ్ళీ మునుపటిలా ఉండదని గ్రహించి, 1906లో దానికి 'ఎలర్జీ' అని పేరు పెట్టాడు. కాపాడే గుణమూ, దురదపెట్టే గుణమూ ఒకే ఇంటి తోడికోడళ్ళన్నమాట!

డాక్టరుగారిని అడిగి అమ్మకి నెమ్మదిగా చెప్పాను. ఇప్పుడు వేసే టీకాలోది ఒంట్లో పెరగదు, పక్కవాళ్ళకి అంటదు. ఏదైనా టీకాకో, అందులోని మందుకో తీవ్రంగా ఎలర్జీ వచ్చినవాళ్ళు ఆగాలిగాని, ఉబ్బసం ఉన్నంతమాత్రాన మానక్కర్లేదు. అసలు ఉబ్బసాన్ని రేపేవాటిలో ముందుండేవి జలుబు వైరస్‌లే కదా!

అమ్మ వచ్చింది. టీకా వేయించుకుని, చెప్పినట్టే అరగంట కూర్చుంది. లేచేముందు నర్సమ్మని ఒక్కటే అడిగింది.

"మనవరాలు రాత్రి నా పక్కనే పడుకుంటాది. ఏటీ కాదు కదా?"

"ఏమీ కాదమ్మా, పడుకోబెట్టుకోండి" అందా అమ్మాయి.

అమ్మ అప్పుడు చీర కొంగు సర్దుకుని ఇంటికి బయల్దేరింది. మన పెద్దవాళ్ళు వద్దన్నప్పుడు, ఎందుకని ఒక్కసారి అడిగి చూడండి.