కనిపించిందల్లా కోయాలా?

రొమ్ము క్యాన్సర్ అని తేలాక ఆపరేషన్‌కు ముందు ఎమ్మారై తీయించడం పెద్ద ఆసుపత్రుల్లో ఇప్పుడు వింతేమీ కాదు. గడ్డ ఎంత మేర పాకిందో, అదే రొమ్ములో మరోచోట కూడా ఉందేమో, రెండో రొమ్ము సంగతేమిటో ముందే తెలిస్తే ఎంతవరకు కోయాలో సర్జన్ సరిగ్గా తేల్చుకోగలడంటారు. కాదనడానికి వీల్లేని మాటలాగే ఉంటుంది. కానీ రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స చరిత్ర తిరగేస్తే దీనికి అడ్డొచ్చే సాక్ష్యం చాలానే దొరుకుతుంది. దాక్కున్న క్యాన్సర్‌నంతా కోసి తీయనక్కర్లేదని వైద్యులు నూరేళ్లు తంటాలు పడి నేర్చుకున్నారు. సరిగ్గా అప్పుడే ఈ యంత్రం వచ్చి, ఆ దాక్కున్నదాన్ని కళ్ల ముందు పెట్టింది.

బాల్టిమోర్ సర్జన్ విలియం హాల్‌స్టెడ్ తన ఆపరేషన్ ఫలితాలను 1894లో ప్రకటించాడు. క్యాన్సర్ పుట్టినచోటి నుంచి వరసగా చుట్టుపక్కలకు పాకుతుందని, ఎంత వెడల్పుగా కోస్తే అంత మేలని ఆయన నమ్మకం. అందుకే రొమ్మునూ, దాని కింది ఛాతీ కండరాలనూ, చంకలోని లింఫు గ్రంథులనూ కలిపి తీసేసేవాడు. ఆ రోజుల్లో ఆడవాళ్లు బాగా ముదిరిన గడ్డలతో వచ్చేవాళ్లు కనుక ఆయన్ను మరీ తప్పుపట్టలేం. తప్పల్లా, ఆయన తర్వాత కూడా దశాబ్దాల తరబడి చిన్న గడ్డకూ అదే కోత కోయడం. లండన్‌లో జెఫ్రీ కీన్స్ (ఆర్థికవేత్త కీన్స్‌కు తమ్ముడు) 1920ల్లోనే రేడియం సూదులు వాడి, చిన్న కోతతో సరిపెట్టవచ్చని చూపినా పట్టించుకున్నవాళ్లు తక్కువ. పైగా అమెరికాలో బయాప్సీ, రొమ్ము తొలగింపు ఒకే మత్తులో కానిచ్చేవారు. రొమ్ము ఉంటుందో ఊడుతుందో తెలియకుండానే మనిషి మత్తులోకి వెళ్లాల్సి వచ్చేది. 1974లో ఈ జబ్బు బారిన పడిన పాత్రికేయురాలు రోజ్ కుష్నర్ వంటివారు దీనిమీద గట్టిగా పోరాడారు. ముందు బయాప్సీ, తర్వాత చర్చ, ఆ తర్వాతే ఆపరేషన్ అన్న పద్ధతిని 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సదస్సు ఒప్పుకుంది.

అసలు లెక్క తేల్చినవాళ్లు పిట్స్‌బర్గ్‌లో బెర్నార్డ్ ఫిషర్, మిలాన్‌లో ఉంబెర్తో వెరొనేసి. 1976లో మొదలైన ఫిషర్ అధ్యయనంలో కొందరికి రొమ్మంతా తీశారు, కొందరికి గడ్డ మాత్రమే తీశారు, మరికొందరికి గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చారు. 1985లో వచ్చిన తొలి ఫలితాల్లోనే కాదు, ఇరవై ఏళ్ల తర్వాత చూసినా మూడు గుంపుల్లోనూ బతికినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే 1985లో నెదర్లాండ్స్ పాథాలజిస్టు రోలండ్ హాలండ్ మరో సంగతి బయటపెట్టాడు. తీసేసిన రొమ్ములను పొరలు పొరలుగా కోసి పరీక్షిస్తే, పైకి ఒకే గడ్డ అనుకున్న 282 కేసుల్లో 63 శాతం చోట్ల గడ్డకు అవతల కూడా క్యాన్సర్ ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. అంతమందిలో అవశేషాలు ఉండి కూడా ప్రాణానికి అదనపు ముప్పు రాలేదంటే, వాటి పని ఇంకేదో పడుతోందన్నమాట. ఫిషర్ లెక్కల్లోనే జవాబుంది: ఇరవై ఏళ్లలో అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టడం రేడియేషన్ లేనివారిలో 39 శాతం, ఉన్నవారిలో 14 శాతం. రేడియేషన్‌కు మందులు తోడయ్యాయి. 1976లో మిలాన్ వైద్యుడు బొనడోన్నా ప్రకటించిన కీమో మూడు మందుల కలయిక. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్‌ను లెడర్లీ ప్రయోగశాలలో రూపొందించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందమే.

ఎమ్మారై ప్రవేశించింది సరిగ్గా ఈ మలుపులోనే. ఎలుకల కణితుల్లోని నీరు అయస్కాంత క్షేత్రంలో మామూలు కణజాలానికి భిన్నంగా స్పందిస్తుందని రేమండ్ డమాడియన్ 1971లో చూపాడు. 1973లో పాల్ లాటర్‌బర్ దాన్ని బొమ్మగా మలిచే దారి కనిపెట్టాడు. 2003 నోబెల్ లాటర్‌బర్‌కూ పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ దక్కితే, డమాడియన్ పత్రికల్లో పేజీలకు పేజీలు ప్రకటనలిచ్చి నిరసన తెలిపాడు. రొమ్ము విషయంలో మాత్రం ఉత్త ఎమ్మారై పెద్దగా ఉపయోగపడలేదు. 1986లో జర్మనీలో సిల్వియా హేవాంగ్ బృందం గాడోలినియం మందు ఎక్కించి స్కాన్ తీశాక కథ మారింది. క్యాన్సర్ గడ్డ తన కోసం కొత్త రక్తనాళాలు పెంచుకుంటుంది. అవి కారే గుణం ఉన్నవి కనుక మందు అక్కడికి త్వరగా చేరి తెల్లగా మెరుస్తుంది. బోర్లా పడుకోబెట్టి, రొమ్ములు వేలాడేలా కాయిల్‌లో ఉంచి, మందు ఎక్కిన తొలి నిమిషాల్లో వరసగా బొమ్మలు తీయడం అలా స్థిరపడింది. చిక్కేమిటంటే క్యాన్సర్ కానివీ మెరుస్తాయి. ఫైబ్రోఅడినోమా అనే మామూలు గడ్డ మెరుస్తుంది, నెలసరి హార్మోన్లను బట్టి మామూలు కణజాలమూ మెరుస్తుంది. 2008లో 19 అధ్యయనాలను కలిపి చూస్తే, ఎమ్మారై 16 శాతం మందిలో అదనపు జబ్బు పట్టుకుంది. కానీ అదనంగా అనుమానించిన ప్రతి మూడింటిలో ఇంచుమించు రెండే నిజమైన క్యాన్సర్.

ఎక్కువ కనిపిస్తే రెండోసారి ఆపరేషన్ తప్పాలి కదా. బ్రిటన్‌లో 45 ఆసుపత్రులు, 1,623 మంది స్త్రీలతో జరిగిన కొమైస్ అధ్యయనం 2010లో చెప్పిందేమిటంటే, ఎమ్మారై తీసినవారిలోనూ తీయనివారిలోనూ మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది 19 శాతం మందికే. తిరగబెట్టడంలోనూ తేడా కనపడలేదు. 2014లో 3,169 మంది వివరాలను కలిపి లెక్కిస్తే, ఎనిమిదేళ్లకు అదే రొమ్ములో జబ్బు రానివారు ఎమ్మారైతో 97 శాతం, లేకుండా 95 శాతం. గణాంకాల పరంగా అది తేడా కిందికి రాదు. రేడియేషన్, మందులు చూసుకోగలిగినదాన్ని స్కానింగ్ వెతికి పట్టి కత్తి ముందు పెడుతోందని నేను తీసుకున్న అర్థం. హాల్‌స్టెడ్ తర్కం వెనక గుమ్మం గుండా తిరిగొచ్చినట్టే.

దీనికి అభ్యంతరాలున్నాయి, కొట్టిపారేసేవీ కావు. బ్రిటన్ అధ్యయనం నాటికి చాలాచోట్ల వైద్యులకు ఈ బొమ్మలు చదివే అనుభవం తక్కువ, ఎమ్మారై చూస్తూ బయాప్సీ తీసే సదుపాయమూ తక్కువ అంటారు. నిజమే. స్వీడన్‌లో 56 ఏళ్ల లోపు 440 మందితో జరిగిన అధ్యయనంలో మళ్లీ ఆపరేషన్ 15 నుంచి 5 శాతానికి తగ్గింది కూడా. అయితే నెదర్లాండ్స్‌లో చేతికి తగలని గడ్డలున్నవారిలో అది 12 నుంచి 34 శాతానికి పెరిగింది. ఫలితం ఇంతగా ఊగిసలాడుతుంటే అందరికీ తీయాలనడం నిలవదు, ఎవరికీ వద్దనడమూ నిలవదు. గడ్డ కట్టకుండా కణాలు వరసలుగా పాకే లోబ్యులర్ రకంలో మామోగ్రామ్ తరచూ తడబడుతుంది. చంకలో గ్రంథి ఉబ్బి, రొమ్ములో ఏమీ దొరకనివారికి మూలం వెతకాలి. ముందు కీమో ఇచ్చేవారికి గడ్డ ఎంత కుంచించుకుపోయిందో కొలవాలి. బీఆర్‌సీఏ జన్యు మార్పు ఉన్నవారికి రెండు రొమ్ములూ చూడాలి. వీటిలో ఎమ్మారైకి సాటి వచ్చేది తక్కువ. ఇక మనశ్శాంతి కోసం తీయిద్దామన్న మాట ఉంది. అనుమానించిన మూడింటిలో క్యాన్సర్ కాని ఆ ఒక్క మచ్చ సంగతి తేలేదాకా గడిపే వారాలను ఎవరూ మనశ్శాంతి అనరు.

కాబట్టి ఆపరేషన్‌కు ముందు ఎమ్మారై రాసిస్తే డాక్టరును ఒక్క మాట అడగండి: ఇందులో ఏం కనిపిస్తే నా ఆపరేషన్ మారుతుంది? స్పష్టమైన జవాబు వస్తే నిస్సంకోచంగా తీయించుకోండి. కొత్త మచ్చ ఏదైనా కనిపించి రొమ్మంతా తీసేయాలంటే మాత్రం, ఆ మచ్చకు బయాప్సీ అయి రిపోర్టు వచ్చేవరకు ఒప్పుకోకండి.