టర్బైన్ల కోసం వేసిన కొండ రైలు: పఠాన్‌కోట్ నుంచి జోగిందర్‌నగర్ దాకా

పర్వత రైల్వేలు అనగానే మన నోట్స్‌లో మూడు పేర్లు వరసగా ఉంటాయి. డార్జిలింగ్, 1999. నీలగిరి, 2005. కాల్కా–సిమ్లా, 2008. పేరు పక్కనున్నది యునెస్కో గుర్తింపు వచ్చిన సంవత్సరం. ప్రిలిమ్స్‌కి ఇంతవరకు చాలు. నాలుగో పేరు ఒకటుంది, కాంగ్రా లోయ రైల్వే. ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు ఎక్కి అక్కడే ఆగిపోయింది కాబట్టి చాలామంది దాన్ని పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. నా పాత నోట్స్‌లో కాంగ్రా అంటే పహాడీ చిత్రకళ, 1905 భూకంపం, అంతే. ఈ లైను కథ చదివాక మాత్రం మెయిన్స్‌కి పనికొచ్చేది ఆ మూడింటికంటే ఇందులోనే ఎక్కువ ఉందనిపించింది.

ముందు ఒక ప్రశ్న వేసుకోండి. బ్రిటిష్ వాళ్ళు కొండల మీదికి రైలు ఎందుకు వేశారు? సిమ్లా వేసవి రాజధాని. ఊటీ మద్రాసు ప్రభుత్వానికి వేసవి మకాం. డార్జిలింగ్‌లో ఆరోగ్య విడిది, తేయాకు తోటలు. దొరలు పైకి వెళ్ళాలి, సరుకు కిందికి రావాలి. 1881లో డార్జిలింగ్ నుంచి 1908లో ఊటీ వరకు ఇదే లెక్క. కాంగ్రా లైను మీద ప్రయాణికుల రైలు నడిచింది 1929లో. అప్పటికి వేసవి రాజధానుల రైళ్ళ కాలం దాదాపు ముగిసింది. ఈ లైను అసలు పని వేరు. ఒక జలవిద్యుత్ కేంద్రానికి కావలసిన భారీ యంత్రాలను కొండల్లోకి చేర్చడం.

కథ 1925 మార్చి 3న మొదలవుతుంది. మండి సంస్థానం రాజా జోగిందర్ సేన్‌కు, బ్రిటిష్ ప్రభుత్వానికి మధ్య ఒక ఒప్పందం కుదిరింది. బియాస్ ఉపనది ఉహ్ల్ నీళ్ళను బరోట్ దగ్గర మళ్ళించి, కొండలో సొరంగం తవ్వి, అవతలి వాలున షానన్ దగ్గర విద్యుత్ తయారు చేస్తారు. దానికి భూమి 99 ఏళ్ళ లీజు. ప్రభుత్వం తరఫున ఈ పనికి వెనక ఉన్నవాడు పంజాబ్ ఇంజనీరు కర్నల్ బి.సి. బ్యాటీ. పథకం కాగితం మీద బాగానే ఉంది. కానీ టర్బైన్లు, జనరేటర్లు, నీటి గొట్టాలు అక్కడికి వెళ్ళేదెలా? పఠాన్‌కోట్ దాకా బ్రాడ్‌గేజ్ ఉంది. అక్కణ్ణుంచి రైలే లేదు. అందుకని 1926లో పునాది వేసి, 1928 డిసెంబరులో సరుకు రవాణా, 1929 ఏప్రిల్ 1న ప్రయాణికుల రాకపోకలు ప్రారంభించారు. 164 కిలోమీటర్లు, 762 మిల్లీమీటర్ల నారోగేజ్. చివరి స్టేషనున్న సుక్రాహట్టి అనే ఊరి పేరు మార్చి రాజా పేరు పెట్టారు. అదే నేటి జోగిందర్‌నగర్.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. డార్జిలింగ్ లైను వేసింది ప్రైవేటు కంపెనీ. కాల్కా–సిమ్లా కూడా కంపెనీ వేసిందే, తర్వాత ప్రభుత్వం కొనుక్కుంది. కాంగ్రా లైను మాత్రం ప్రభుత్వ నిర్వహణలోని నార్త్ వెస్టర్న్ రైల్వే చేతిలో పుట్టింది. మధ్యలో ఆక్‌వర్త్ కమిటీ వచ్చింది, 1924లో రైల్వే బడ్జెట్ వేరైంది. కంపెనీల కాలం నుంచి ప్రభుత్వ రైల్వేల కాలానికి మారడం గురించి రాయాల్సి వస్తే ఈ రెండు లైన్లను పక్కపక్కన పెట్టి చూపించొచ్చు.

ఇక దారిలోకి వద్దాం. పఠాన్‌కోట్ దాటగానే చక్కి నది వస్తుంది. అటు హిమాచల్, ఇటు పంజాబ్. దీని మీది పాత రైలు వంతెన 2022 ఆగస్టు వరదల్లో కూలిపోయింది. నదీగర్భంలో అక్రమంగా ఇసుక, కంకర తవ్వడం వల్లే స్తంభాలు బలహీనపడ్డాయని స్థానికులు ఆరోపించారు. పఠాన్‌కోట్ నుంచి బండి ఆగిపోయేసరికి ఇబ్బంది పడింది పర్యాటకులు కాదు. తక్కువ ఛార్జీతో రోజూ తిరిగే పల్లెల వాళ్ళు. ఈ రైలు చిన్న చిన్న ఊళ్ళ మీదుగా వెళుతుంది, వాటిలో కొన్నింటికి రోడ్డు కంటే రైలే దగ్గర. దీన్ని టాయ్ ట్రెయిన్ అనడం నాకు అందుకే నచ్చదు.

జవాన్‌వాలా షహర్ దాటాక కిటికీలోంచి పెద్ద జలాశయం కనిపిస్తుంది. పోంగ్ డ్యామ్, అధికారికంగా మహారాణా ప్రతాప్ సాగర్. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. శీతాకాలంలో వలస పక్షులు వస్తాయి. మన పుస్తకాల్లో అంతటితో ఆగుతుంది. కానీ పాత రైలు దారి ఆ నీళ్ళ కిందే ఉంది. బియాస్ మీద డ్యామ్ కట్టినప్పుడు జవాన్‌వాలా షహర్ నుంచి గులేర్ దాకా ఉన్న పట్టాలను 1973లో వదిలేసి, కొత్త దారిలో వేసి 1976లో మళ్ళీ రైలు నడిపారు. రైలుకి మూడేళ్ళలో కొత్త దారి దొరికింది. మునిగిన ఊళ్ళు మూడు వందలకు పైగా. డ్యామ్ నీళ్ళు వెళ్ళింది రాజస్థాన్‌కు కాబట్టి నిర్వాసితులకు భూములు అక్కడే, గంగానగర్ వైపు ఎడారిలో ఇస్తామన్నారు. కొండల్లో వరి పండించుకున్న మనిషికి ఎడారిలో పట్టా. చాలామందికి అదీ దక్కలేదు, దక్కినవాళ్ళలో కొందరు ఆక్రమణలతో పోరాడలేక తిరిగొచ్చేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, దశాబ్దాలు గడిచినా పునరావాసం పూర్తి కాలేదు. శ్రీశైలం ముంపు గ్రామాల కథ ఇంట్లో విన్నవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. నిర్వాసితుల ప్రశ్న వస్తే అందరూ నర్మదా, టెహ్రీ రాస్తారు. పోంగ్ కూడా రాయండి.

గులేర్ చిన్న స్టేషను. పండిత్ సేవు, ఆయన కొడుకులు మానకు, నైన్‌సుఖ్‌లు ఇక్కడివాళ్ళే. తర్వాత కాంగ్రా రాజు సంసార్‌చంద్ ఆదరణలో వికసించిన శైలికి బీజం ఇక్కడే పడింది. ఇంకాస్త ముందుకెళితే కాంగ్రా కోట. 1009లో గజనీ మహమూద్, 1620లో జహంగీర్ సేనలు, 1809లో గూర్ఖాలను తరిమి రంజిత్ సింగ్, 1846 లాహోర్ ఒప్పందం తర్వాత ఈస్టిండియా కంపెనీ. మధ్యయుగం నుంచి ఆధునిక యుగం దాకా సిలబస్ అంతా ఈ ఒక్క కోట గుమ్మంలోంచి నడిచిపోయింది. 1905 ఏప్రిల్ 4 భూకంపం దాన్ని శిథిలం చేసింది. సుమారు 20 వేల మంది చనిపోయారు. పాలంపూర్ తేయాకు తోటలు దెబ్బతిని చాలామంది ఆంగ్లేయ యజమానులు అమ్ముకుని వెళ్ళిపోయారు.

ఈ దారిలో సొరంగాలు ఎన్నో తెలుసా? రెండే. కాల్కా–సిమ్లాలో వందకు పైగా తవ్వారు. ఇక్కడ ఇంజనీర్లు కొండను తొలచకుండా, లోయ ఎటు తిరిగితే అటు పట్టాలను తిప్పుకుంటూ వెళ్ళారు. ఫలితంగా ధౌలాధార్ మంచు శిఖరాలు ఎడమవైపు గంటల తరబడి కనబడుతూనే ఉంటాయి. బదులుగా ప్రతి వాగు మీదా వంతెన కట్టాల్సొచ్చింది. చిన్నా పెద్దా కలిపి తొమ్మిది వందలకు పైగా. వర్షాకాలంలో ఈ లైను తరచూ ఆగిపోవడానికి అదొక కారణం. బైజ్‌నాథ్ దగ్గర 1204 నాటి శివాలయం ఉంది, కట్టించింది అహుక, మన్యుక అనే వర్తక సోదరులు. అక్కడి శాసనాలు శారదా లిపిలో ఉన్నాయి. అది దాటాక అసలైన ఎక్కుడు. అహ్జూ స్టేషను 1,290 మీటర్ల ఎత్తులో ఉంది, ఈ లైనులో అన్నిటికంటే ఎత్తు అదే. అక్కణ్ణుంచి దిగితే జోగిందర్‌నగర్.

షానన్ కేంద్రాన్ని 1933 మార్చిలో వైస్రాయ్ విల్లింగ్డన్ ప్రారంభించాడు. ఎక్కడ? షానన్‌లో కాదు, లాహోర్‌లో. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఎక్కువ చెప్పే వివరం ఇదే. నీళ్ళు మండివి, కూలీల శ్రమ కొండలది, 48 మెగావాట్ల కరెంటు మైదానంలోని నగరాలది. దాదాభాయ్ నౌరోజీ, ఆర్.సి. దత్‌లు రైల్వేల మీద చేసిన విమర్శ మనకు తెలుసు: ముడిసరుకు బయటికి, తయారీ సరుకు లోపలికి. ఇక్కడ పట్టాల మీద యంత్రాలు పైకి వెళ్ళాయి, ముడిసరుకు తీగల మీద కిందికి వచ్చింది. ఆ పని అయిపోయాక ప్రభుత్వం దృష్టిలో లైను విలువ ఎంతో 1942లో తేలింది. రెండో ప్రపంచ యుద్ధానికి ఇనుము కావాలని నగ్రోటా నుంచి జోగిందర్‌నగర్ దాకా పట్టాలు పీకేశారు. మళ్ళీ వేసింది స్వాతంత్ర్యం వచ్చాక, 1954లో. ఈసారి టర్బైన్ల కోసం కాదు, జనం కోసం.

విద్యుత్ కేంద్రం సంగతి అంత తేలిగ్గా తేలలేదు. మండి 1948లోనే హిమాచల్‌లో కలిసింది. కాంగ్రా మాత్రం పంజాబ్‌లో ఉండి, 1966 పంజాబ్ పునర్వ్యవస్థీకరణ చట్టంతో హిమాచల్‌కు వచ్చింది. అంటే షానన్ ఉన్న నేల ఏనాడూ పంజాబ్ రాష్ట్రానిది కాదు. అయినా 1966 తర్వాత జరిగిన ఆస్తుల పంపకంలో కేంద్రం పంజాబ్‌కు దక్కింది. 1982లో దాన్ని 110 మెగావాట్లకు పెంచింది కూడా పంజాబే. ఆస్తి ఒకరిది, నేల ఇంకొకరిది. 2014 తర్వాత శ్రీశైలం, సాగర్ విద్యుత్ గొడవలు చూసిన మనకు ఈ చిక్కు విడమరచి చెప్పనక్కరలేదు.

99 ఏళ్ళ లీజు 2024 మార్చి 2న ముగిసింది. ముందురోజే కేంద్రం యథాతథ స్థితి కొనసాగించాలని ఆదేశించింది. పంజాబ్ 131వ అధికరణ కింద సుప్రీంకోర్టులో సూట్ వేసింది. లీజు రాసుకున్నది ఒక సంస్థానాధీశుడితో, అదీ రాజ్యాంగానికి పావు శతాబ్దం ముందు. ఆ హక్కు 1966 చట్టం వల్ల వచ్చిందని పంజాబ్ అంటుంది. లీజు వల్ల వచ్చింది లీజుతోనే పోయిందని హిమాచల్ అంటుంది. పాలిటీ చదివేటప్పుడు 131వ అధికరణ కింద ఉన్న ప్రొవిజోను మనం సాధారణంగా దాటేస్తాం. రాజ్యాంగానికి ముందు కుదిరి, ఆ తర్వాతా అమల్లో ఉన్న ఒప్పందాల నుంచి పుట్టిన వివాదాలకు ఆ అధికరణ కింది ఒరిజినల్ జ్యూరిస్‌డిక్షన్ వర్తించదని చెప్పేది అదే. 363వ అధికరణతో కలిపి ఒకసారి మళ్ళీ చదవండి, ఈసారి మండి రాజాను గుర్తుపెట్టుకుని.

జోగిందర్‌నగర్‌లో పట్టాలు ఆగిపోతాయి. కానీ యంత్రాలు ఆగలేదు. షానన్ నుంచి కొండ మీదుగా బరోట్ వైపు ఇనుప తాడుతో లాగే ట్రాలీ దారి ఒకటి వేశారు. నిట్టనిలువుగా ఉన్న వాలు మీద, రైలు ఎక్కలేని చోట, సామానూ మనుషులూ దాని మీదే పైకి వెళ్ళారు.