సౌత్‌సీలో పూటకూళ్ళ ఇల్లు

మా పాపకి ఐదేళ్ళు. దాన్ని కాకినాడలో మా అమ్మ దగ్గర ఉంచి రెండు నెలల ఫెలోషిప్ మీద ఇంగ్లండ్ వెళ్ళాను. తల్లులకి దూరంగా పెరిగిన పిల్లల రాతలు చదవడమే అక్కడ నా పని. ఈ రెండు సంగతులకీ ఉన్న సంబంధం అందరికీ వెంటనే తట్టింది, నాకు తప్ప. "నీ కూతుర్ని ఇక్కడ వదిలి ఎవరి పిల్లల గురించో చదవడానికి అంత దూరమా?" అని మా అత్తగారు నవ్వుతూనే అన్నారు. నవ్వుతూ అన్నారు కాబట్టి జవాబు చెప్పే వీలు లేకపోయింది.

రడ్యార్డ్ కిప్లింగ్ కుటుంబపు కాగితాలు బ్రైటన్ శివార్లలో 'ది కీప్' అనే ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నాకు కావలసింది కిప్లింగ్ కాదు, ఆయన చెల్లెలు ట్రిక్స్. అసలు పేరు ఆలిస్. ఆమె కూడా రచయిత్రే. ఆ అన్నాచెల్లెళ్ళు చిన్నప్పుడు పరాయి ఇంట్లో పెరిగిన ఊరు సౌత్‌సీ. బ్రైటన్ నుంచి రైల్లో గంటన్నర దాకా పడుతుంది. ఒక శని, ఆదివారాలు అక్కడ గడుపుదామని పాతకాలపు 'బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్'లో గది తీసుకున్నాను.

సౌత్‌సీ పోర్ట్స్‌మౌత్ నగరానికి సముద్రపు ఒడ్డు పేట. ఎనిమిదో హెన్రీ 1544లో కట్టించిన కోట పేరే ఈ పేటకి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో థామస్ ఎలిస్ ఓవెన్ అనే ఆర్కిటెక్ట్ ఇక్కడ విల్లాలు, వరస ఇళ్ళు కట్టాడు. 1847లో పోర్ట్స్‌మౌత్‌కి రైలు వచ్చింది. నౌకాదళం వాళ్ళూ, సైన్యం వాళ్ళూ, వాళ్ళ కుటుంబాలూ చేరారు. 1860ల చివరి నుంచి ఇండియాకి సైనికుల్ని చేరవేసే ఐదు పెద్ద ఓడలు పోర్ట్స్‌మౌత్‌కీ బొంబాయికీ మధ్య తిరిగేవి. వాటిలో ఒకదాని పేరు జమున, ఇంకోదాని పేరు మలబార్. అంటే మనం ఎన్నడూ పేరు వినని ఈ పేటకి మన దేశం పక్కింటి ఊరులాంటిది.

నేను దిగిన ఇల్లు ఆ కాలానిదే. మూడంతస్తులు, ఇరుకు మెట్లు, పైన అటక గది. ఇల్లుగలావిడకి అరవై దాటి ఉంటాయి. పొద్దున్న ఆరింటికే కింద వంటింట్లో చప్పుడు మొదలైంది. నేను శాకాహారినని చెబితే బేకన్, సాసేజి తీసేసి పుట్టగొడుగులు, టమాటా, బీన్స్, రొట్టె ఇచ్చారు. నాలుగు బల్లలకి ఆవిడొక్కరే వడ్డించారు. తర్వాత పక్క దుప్పట్లు మార్చడం, స్నానాల గదులు కడగడం కూడా ఆవిడే. "మీరు ఎప్పుడు తింటారు?" అని అడిగాను. "అందరూ వెళ్ళాక, నిలబడి" అన్నారు. మా అమ్మ కూడా సరిగ్గా అలాగే తింటుంది. ఆవిడ తల్లి కూడా భర్త పోయాక ఇదే పని చేసి పిల్లల్ని పెంచిందట.

ఇంగ్లండ్ సముద్రతీరాల్లో ఇది ఆడవాళ్ళ వ్యాపారం. చదువూ ఉద్యోగమూ లేని మధ్యతరగతి స్త్రీకి, ముఖ్యంగా వితంతువుకి, పరువు పోకుండా నాలుగు డబ్బులు సంపాదించుకునే దారి ఇల్లే. ఇంట్లో ఎలాగూ చేసే చాకిరీనే పరాయివాళ్ళకి చేస్తే డబ్బు వస్తుంది. 1870 చట్టం వచ్చేదాకా భర్త ఉన్న స్త్రీకి తన సంపాదన మీద కూడా హక్కు లేదు. ఆస్తి మీద హక్కు కోసం 1882 దాకా ఆగాలి. బ్లాక్‌పూల్ ల్యాండ్‌లేడీల గురించి జాన్ వాల్టన్ అనే చరిత్రకారుడు 1978లో ఒక పుస్తకమే రాశాడు. పాతరోజుల్లో బస చేసేవాళ్ళు ఎవరి సరుకులు వాళ్ళే తెచ్చుకునేవారు. ఏ కుటుంబం సరుకు ఆ కుటుంబానికి విడివిడిగా వండిపెట్టడం ఈవిడ పని. సీజన్లో గదులన్నీ అద్దెకిచ్చేసి సొంత మనుషులు వెనక వంటింట్లో సర్దుకునేవారు. ఇంత శ్రమకీ జనాభా లెక్కల్లో చాలాసార్లు వృత్తి అన్న గడి ఖాళీ. ఉప్పు, మిరియాల సీసాలకి కూడా డబ్బు వసూలు చేసే పిసినారి గయ్యాళి అన్న పేరు మాత్రం నాటకశాలల్లో, సముద్రతీరపు కార్డుల మీద స్థిరపడిపోయింది.

ఇది చదువుతుంటే నాకు మన పూటకూళ్ళమ్మే గుర్తొస్తూ వచ్చింది. 'కన్యాశుల్కం' మొదటిసారి ప్రదర్శించింది 1892లో. సరుకులు కొనిపెడతానని గిరీశం ఆవిడ దగ్గర డబ్బు తీసుకుని మధురవాణి మీద ఖర్చుపెడతాడు. ఆవిడ చీపురు పట్టుకుని వస్తుంది. మనం తరతరాలుగా ఆ సన్నివేశానికి నవ్వుతున్నాం. ఆ డబ్బు ఎన్ని విస్తళ్ళు వడ్డిస్తే వచ్చిందో లెక్క కట్టామా? మధురవాణి మీద ఎంత విమర్శ రాశాం! పూటకూళ్ళమ్మకి నాటకంలో వృత్తే పేరు. ఊళ్ళో మగవాళ్ళందరికీ అన్నం పెట్టిన వితంతువు, ఎవరి భార్యగానూ ఎవరి తల్లిగానూ గుర్తులేని మనిషి.

సౌత్‌సీలో ఆవిడలాంటి మనిషి సారా హాలోవే.

ఆ కథ ఇది. కిప్లింగ్ తండ్రి లాక్‌వుడ్ బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో పనిచేసేవాడు. ఇండియాలో ఉన్న తెల్లవాళ్ళు పిల్లల్ని ఐదారేళ్ళ వయసులో ఇంగ్లండ్ పంపేయడం ఆనవాయితీ. ఎండకీ జ్వరాలకీ భయపడి అనేవారు. ఇంకో భయం కూడా ఉంది. పిల్లలు ఆయాల ఒళ్ళో పెరిగి వాళ్ళ భాషలోనే కలలు కనేవారు. రడ్యార్డ్ ఆయా గోవా క్రైస్తవురాలు. అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళేముందు ఇంగ్లీషులో మాట్లాడమని ఆ పిల్లవాడికి గుర్తుచేసి పంపేవారట. 1871 చివర్లో తల్లిదండ్రులు రడ్యార్డ్‌నీ ట్రిక్స్‌నీ సౌత్‌సీలో కాంప్‌బెల్ రోడ్డులోని లోర్న్ లాడ్జ్‌లో, హాలోవే దంపతుల దగ్గర డబ్బు కట్టి ఉంచారు. వాడికి ఆరేళ్ళు నిండబోతున్నాయి, ఆ పిల్లకి మూడున్నర. తల్లి మళ్ళీ వచ్చింది 1877లో.

1874లో ముసలి కెప్టెన్ హాలోవే చనిపోయాడు. పిల్లవాడి మీద కొంచెం ప్రేమగా ఉన్నది ఆయనొక్కడే. ఆ తర్వాత దెబ్బలు, నరకం గురించిన బెదిరింపులు, అబద్ధాలకోరు అని రాసిన అట్ట వీపుకి కట్టి బడికి పంపడం. కళ్ళు దెబ్బతినే దాకా వచ్చింది. కిప్లింగ్ 1888లో దీన్ని కథగా రాశాడు. 1937లో, చనిపోయిన మరుసటి ఏడు వచ్చిన ఆత్మకథలో మళ్ళీ రాశాడు. అందులో సారా హాలోవేకి పేరు లేదు. ఆమె 'ఆ స్త్రీ', అంతే.

ఆ పిల్లవాడి బాధని నేను తక్కువ చేయను. పెద్దయ్యాక సామ్రాజ్యాన్ని కీర్తించాడని ఆరేళ్ళ పిల్లవాడు తిన్న దెబ్బలు చిన్నవి కావు. కొట్టిన చెయ్యి ఆడదానిదైతే నొప్పి తగ్గదు కూడా. పూటకూళ్ళమ్మతో పోల్చానని సారా మంచిదైపోదు. కానీ ఆ ఇంటిని నరకం అని తేల్చేసిన చరిత్రలో మూడు ప్రశ్నలు మిగిలిపోయాయి. భర్త పోయాక సొంత కొడుకుని పెంచుకుంటూ ఆ వితంతువు దేనితో బతకాలి? ఆయాకి ఏమైంది? తండ్రిని ఎవరూ ఎందుకు నిలదీయరు? జీవిత చరిత్రకారులు ఆ తల్లిని మాత్రం ఇప్పటికీ బోనులోంచి దించలేదు. సామ్రాజ్యానికి పిల్లల్ని దూరం చేయడం అవసరం. ఆ అవసరాన్ని ఒక ఆడదాని ఒళ్ళోంచి లాగి ఇంకో ఆడదాని ఒళ్ళో కుదేశారు. తర్వాత ఆ ఆడవాళ్ళలో ఎవరు రాక్షసి అన్న చర్చ మిగిలింది.

ట్రిక్స్ దగ్గర ఈ కథ ఇంత సూటిగా ఉండదు. 'ఆంటీ'కి ఆమె అంటే ఇష్టం. అన్న మీద విరుపు పుట్టించాలని చూసిన ఇష్టం అది. అయినా ఇష్టమే. 1877లో తల్లి వచ్చాక కూడా ట్రిక్స్‌ని మళ్ళీ అదే ఇంటికి పంపారు. 1880లో రడ్యార్డ్ అక్కడికి వెళ్ళేటప్పటికి ఆమె అక్కడే ఉంది. నరకం అంటున్న ఇంటికి ఆడపిల్లని తిరిగి పంపారన్న సంగతి చాలామందికి తెలియదు. ట్రిక్స్ అన్నతో కలిసి 1884లో లాహోర్‌లో పద్యాల పుస్తకం తెచ్చింది. 1889లో సర్వే శాఖ ఉద్యోగి జాన్ ఫ్లెమింగ్‌ని పెళ్ళి చేసుకుంది. తర్వాత రెండు నవలలు రాసింది, మొదటిది మారుపేరుతో. 1898లో మనసు చెదిరింది. 1948 దాకా బతికింది. అన్న పోయాక, 1939లో, ఆ చిన్నతనం గురించి ఒక వ్యాసం రాసింది.

ఆ వ్యాసంలో ఆమె దెబ్బల కంటే ముందు చెప్పిన బాధ వేరు. అమ్మానాన్నలు వెళ్ళిపోతున్నామని చెప్పలేదు. ఎందుకు వదిలేశారో, ఎప్పుడొస్తారో చెప్పలేదు. చెబితే ఏడుస్తారని చెప్పకుండా వెళ్ళారు. వదిలేశారని పిల్లలు నమ్మారు.

శనివారం సాయంత్రం కాంప్‌బెల్ రోడ్డుకి వెళ్ళాను. మామూలు వీధి. గోడ మీద రడ్యార్డ్ కోసం ఫలకం ఉంది. లోపల ఎవరో కాపురముంటున్నారు కాబట్టి ఎదురు పేవ్‌మెంటు మీద కాసేపు నిలబడ్డాను. ఈ పేట మగ రచయితల్ని బాగానే గుర్తుపెట్టుకుంది. కోనన్ డాయల్ 1882 నుంచి 1890 దాకా ఇక్కడ వైద్యం చేస్తూ షెర్లాక్ హోమ్స్‌ని పుట్టించాడు. హెచ్.జి. వెల్స్ కుర్రతనంలో బట్టల కొట్లో పనిచేశాడు. వీళ్ళకి అన్నం వండిపెట్టి, గదులు ఊడ్చిన ఆడవాళ్ళకి ఫలకాలు ఉండవని వేరే చెప్పాలా?

అక్కణ్ణించి సముద్రం ఒడ్డుకి వెళ్ళాను. ఇసక లేదు, అంతా గులకరాళ్ళు. అవతల వైట్ ద్వీపం కనిపిస్తోంది. అక్కడ కూచున్నాక ట్రిక్స్ వాక్యాలు నా మీదికి తిరిగాయి. నేను బయల్దేరిన రోజు పాప నిద్రపోతోంది. "లేపకు, చూస్తే ఏడుస్తుంది" అంది మా అమ్మ. ఆమె మంచికే చెప్పింది. నేనూ హాయిగా వినేశాను. అది ఏడవకూడదని కాదు, ఏడిస్తే నేను వెళ్ళలేనని. మూడు వారాలుగా అది ఫోన్ దగ్గరికి రావడం లేదు. "ఆటలో పడిపోయింది" అని మా అమ్మ చెబుతోంది, నేను నమ్ముతున్నాను.

వెళ్ళడం తప్పు అని నేను ఇప్పటికీ అనుకోను. తల్లి చదువుకీ పనికీ దూరం వెళ్తే అది నేరం కాదని ఎన్ని సభల్లో మాట్లాడానో. మా ఆయన ఉద్యోగం మీద బెంగళూరులో రెండేళ్ళున్నాడు. "పాపనెలా వదిలావ్?" అని ఆయన్ని ఒక్కరూ అడగలేదు. కానీ ఆ మాట ఎంత నిజమో, చెప్పకుండా వెళ్ళడం తప్పన్నదీ అంతే నిజం. మొదటిది గట్టిగా పట్టుకున్నందువల్ల రెండోది చూడలేకపోయాను.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి ఫోన్ చేశాను. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర. దాన్ని తప్పకుండా పిలవమని అమ్మని బతిమాలాను.

"నీకు చెప్పకుండా వచ్చేశాను. తప్పు చేశాను" అన్నాను.

చాలాసేపు ఊపిరి చప్పుడే. తర్వాత "లేపొచ్చుగా" అంది.

"లేపాల్సింది. ఇంక ఇరవై తొమ్మిది రోజులకి వస్తాను. అమ్మమ్మ క్యాలెండర్ మీద రోజూ ఒకటి కొట్టెయ్యి."

"ఇవాళ్టిది కొట్టెయ్యచ్చా?" అని అడిగింది.

గది ఖాళీ చేసేటప్పుడు ఇల్లుగలావిడ అతిథుల పుస్తకం ఇచ్చారు. ఎన్నో ఏళ్ళ పేర్లు, ఊళ్ళు, వాతావరణం గురించి మాటలు. తిరగేస్తే ఆవిడ పేరు ఒక్కచోటా లేదు. "మీ పూర్తి పేరు చెప్పండి" అని అడిగి, నా పేరుకి పైన ముందు ఆవిడ పేరు రాశాను, ఆవిడ తల్లి పేరు కూడా. ఆవిడ అద్దాలు పెట్టుకుని చూసుకుని, రెండో పేరులో ఒక అక్షరం దిద్దారు.